అక్కరకొచ్చే ఆడవాళ్ళు

లండన్‌లో ఒక చర్చి హాలు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తొలి ఏళ్ళు. చర్చి పనుల మీద కొందరు కూడారు. ఎప్పటిలాగే ఒకావిడ టీ సంగతి ఎత్తింది. ముప్పయ్యేళ్ళు దాటిన, పెళ్ళికాని మిల్‌డ్రెడ్ లాత్‌బరీకి ఆ రోజు ఏం తోచిందో ఏమో, ఇప్పుడు మనకి టీ అవసరమా అని అడిగేసింది. అంతే! ఆ రెండో ఆవిడ కాళ్ళకింద నేల కదిలినట్టయింది. టీ అవసరమా? అదేం ప్రశ్న? మిల్‌డ్రెడ్ కంగారుపడి మాట సర్దుకుంది. టీ తయారయింది. ఎవరూ ఏమీ అననట్టే పని సాగిపోయింది.

బార్బరా పిమ్ 1952లో ప్రచురించిన 'ఎక్సలెంట్ ఉమెన్' నవలలోది ఈ ఘట్టం. దీన్ని చదివి నవ్వని వాళ్ళు నాకింతవరకు తగల్లేదు. కానీ ఎందుకు నవ్వారో చెప్పమంటే మాత్రం ఇద్దరి మాట ఒకటిగా ఉండదు. నెలకోసారి కలిసే మా ఏడెనిమిది మంది చదువరుల్లో ఈ పుస్తకం పెట్టినంత తగువు ఏ గంభీరమైన స్త్రీవాద గ్రంథమూ పెట్టలేదు. లెక్చరర్‌గా రిటైరైన, పెళ్ళి చేసుకోని ఒక పెద్దావిడ, "దీన్ని హాస్య నవల అన్నదెవరమ్మా? ముప్పయ్యేళ్ళ నా ఉద్యోగం ఇదే కదా" అన్నారు. పీహెచ్‌డీ చేస్తున్న ఒక అమ్మాయికి ఒళ్ళు మండిపోయింది. ఆఖరి పేజీ వరకు ఒక్కసారైనా గట్టిగా కాదని చెప్పలేని మనిషిని మనం ఎందుకు మెచ్చుకోవాలి అని ఆమె ప్రశ్న. ఇద్దరు పిల్లల తల్లి అయిన ఇంకో స్నేహితురాలు మాత్రం, "మీకేం తెలుసు, రాత్రి పడుకునే ముందు వంటల పుస్తకం సరదాకి చదువుకునే స్వేచ్ఛ ఎంత గొప్పదో!" అంది. మిల్‌డ్రెడ్ పక్కమీద చేరి వంటల పుస్తకాలు చదువుతుంది లెండి. రేపు ఎవరికి ఏం వండాలా అని కాదు, ఊరికే.

ముగ్గురూ ఒకే నవల చదివారు. నాకు మొదట్లో ఇది అభిరుచి భేదం అనిపించింది. ఆ నవల వెనక ఉన్న చరిత్ర చదివిన కొద్దీ, ఆ నవల పాఠకుల మధ్య డెబ్బై ఏళ్ళుగా నడుస్తున్న తగువు చదివిన కొద్దీ, ఇది అభిరుచి సంగతి కాదనిపిస్తోంది. ఈ నవల ఒక లెక్క రాస్తుంది. పెళ్ళికాని ఆడదాని చేత ఎవరెవరు ఏమేం పని చేయించుకుంటారన్న లెక్క. ఆ లెక్కలో మనం ఎటువైపు నిలబడి ఉన్నామన్న దాన్నిబట్టి మన నవ్వు ఉంటుంది.

కథ పెద్దగా లేదు. మిల్‌డ్రెడ్ తండ్రి మతాధికారి. తల్లిదండ్రులు ఇద్దరూ పోయారు. లండన్‌లో ఒక చిన్న ఫ్లాట్‌లో ఒంటరిగా ఉంటుంది. ఒకప్పుడు బాగా బతికి చితికిపోయిన కుటుంబాల స్త్రీలను ఆదుకునే సంస్థలో పూటపని చేస్తుంది. మిగతా పూట చర్చిది. కింది వాటాలోకి నేపియర్ దంపతులు దిగుతారు. హెలెనా మానవశాస్త్రవేత్త, ఇంటిపని అంటే గిట్టదు. భర్త రాకింగ్‌హామ్ నౌకాదళ అధికారి, ఇటలీ నుంచి తిరిగొచ్చాడు, మహా అందగాడు. స్నానాలగది ఇద్దరికీ ఉమ్మడి. అక్కడ వాడే కాగితం ఎవరు కొనాలన్న సమస్యతో మొదలవుతుంది పొరుగు బంధం. ఆ తర్వాత వాళ్ళ మొగుడూ పెళ్ళాల గొడవలు, చర్చి ఫాదరీ జూలియన్ నిశ్చితార్థం గొడవ, హెలెనాతో కలిసి పరిశోధన చేసిన ఎవరార్డ్ బోన్ గొడవ అన్నీ వచ్చి మిల్‌డ్రెడ్ గుమ్మం ముందే వాలతాయి. ఎవరికి ఏడుపొచ్చినా ఆమె టీ పెట్టాలి. ఎవరు అలిగి ఇల్లు వదిలి వెళ్ళినా వాళ్ళ సామాను సర్ది పంపించే బాధ్యత ఆమెదే. పెళ్ళికాలేదు కదా, ఖాళీగా ఉంటుంది కదా!

'ఎక్సలెంట్ ఉమెన్' అన్న మాటను తెలుగులో 'ఉత్తమ స్త్రీలు' అంటే ఆ వెటకారం చచ్చిపోతుంది. మనవైపు పెళ్ళిళ్ళలో, పురుళ్ళలో, చావుల్లో అందరికంటే ముందు కబురందే మేనత్తో పిన్నో ఉంటుంది చూడండి. ఆవిడను 'అక్కరకొచ్చే మనిషి' అంటారు. మహా మెచ్చుకోలుగానే అంటారు. అదీ ఈ మాటకు సరైన అనువాదం. ఆ మెచ్చుకోలులోనే ఉంది కిటుకంతా. అక్కరకొచ్చే మనిషికి అక్కరలుంటాయని ఎవరికీ తట్టదు.

ఈ అక్కరకొచ్చే ఆడవాళ్ళు ఒక్కరోజులో పుట్టలేదు. ఇంగ్లండులో 19వ శతాబ్దం నడిమి నుంచీ పెళ్ళికాని స్త్రీలను 'మిగులు' కింద లెక్కేసే అలవాటు ఉంది. 1862లో డబ్ల్యు. ఆర్. గ్రెగ్ అనే ఆయన ఆడవాళ్ళు ఎందుకు మిగిలిపోతున్నారని ఒక పేరుమోసిన వ్యాసం రాశాడు. మిగిలిన వాళ్ళను ఓడలెక్కించి మగవాళ్ళు ఎక్కువున్న వలసలకు పంపించాలన్నది ఆయన సూచన. అందులో ఒక మినహాయింపు ఇచ్చాడు. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు మిగులు కిందకు రారట. ఎందుకంటే వాళ్ళు మగవాళ్ళ మీద ఆధారపడి బతుకుతూ మగవాళ్ళకు సేవ చేస్తున్నారు కదా, స్త్రీ జన్మకు కావలసినవి ఆ రెండే కదా! నేను ఈ వాదాన్ని మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. ఇంత నిక్కచ్చిగా, ఇంత అమాయకంగా ఎవరైనా చెప్పగలరా అనిపించింది. పెళ్ళి లేకపోయినా ఫరవాలేదు, ఊడిగం ఉంటే చాలు.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఈ మాట మళ్ళీ పైకొచ్చింది. 1921 జనాభా లెక్కల్లో ఇంగ్లండు, వేల్సులలో మగవాళ్ళకంటే ఆడవాళ్ళు పదిహేడు లక్షలకు పైగా ఎక్కువ తేలారు. పత్రికలు దాన్ని ఒక ఉపద్రవంలా రాశాయి. ఆ ఉపద్రవం మాత్రం బళ్ళలో పాఠాలు చెప్పింది, ఆఫీసుల్లో టైపు కొట్టింది, ఆస్పత్రులు నడిపింది. పెళ్ళయితే ఉద్యోగం మానేయాలన్న నిబంధన చాలా చోట్ల ఉండేది. టీచర్లకు అది 1944లో పోయింది, సివిల్ సర్వీసు ఉద్యోగినులకు 1946లో. అంటే మిల్‌డ్రెడ్ తరం కళ్ళు తెరిచేనాటికి ఉద్యోగం చేసే స్త్రీ అంటే దాదాపుగా పెళ్ళికాని స్త్రీయే. ఒక చేత్తో మిగులు అంటూ రెండో చేత్తో ఆ మిగులుతోనే దేశాన్ని నడిపించుకున్నారన్న మాట.

ఇక్కడ ఒక మాట గుర్తొస్తోంది. ఇంగ్లీషులో పెళ్ళికాని ఆడదాన్ని 'స్పిన్‌స్టర్' అంటారు. ఆ మాటకు అసలు అర్థం నూలు వడికే మనిషి. పని పేరది. పదిహేడో శతాబ్దానికి అది పెళ్ళి లేకపోవడానికి చట్టంలో పేరైంది, ఆ పైన తిట్టు అయింది. ఇంగ్లండు పెళ్ళి రిజిస్టర్లలో ఆ మాటను తీసేసి అందరికీ 'సింగిల్' అని రాయడం మొదలైంది 2005 డిసెంబరులో! పని పోయి లేమి మిగిలింది ఆ మాటలో. మన 'పెళ్ళికాని పిల్ల'లో మొదటినుంచీ లేమి తప్ప ఇంకేమీ లేదు.

మళ్ళీ నవలకొద్దాం. బార్బరా పిమ్ ఈ లెక్కంతా పుస్తకాల్లో చదివి రాసింది కాదు. 1913లో పుట్టింది. ఆక్స్‌ఫర్డ్‌లో సెంట్ హిల్డాస్ కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చదివింది. యుద్ధకాలంలో నౌకాదళ మహిళా విభాగంలో చేరి ఇటలీలోని నేపుల్స్‌లో పనిచేసింది. నవలలో రాకింగ్‌హామ్ నేపియర్ ఇటలీలో ఉన్నప్పుడు, సరిగా అమరని తెల్ల యూనిఫారాల్లో బిడియంగా నిలబడే ఆ విభాగం అమ్మాయిలతో తియ్యగా మాట్లాడ్డమే పనిగా పెట్టుకున్నాడని మిల్‌డ్రెడ్ ఊహించుకుంటుంది. ఆ యూనిఫారం వేసుకున్న వాళ్ళలో రచయిత్రి ఉంది. తనను తానే ఆ వరసలో నిలబెట్టుకుని నవ్వుకుంది. దీన్ని ఆత్మన్యూనత అనే వాళ్ళున్నారు. నాకు అలా అనిపించదు. తన యూనిఫారం ఎక్కడ వదులుగా ఉందో తెలిసిన మనిషికి ఎదుటివాడి తీపి మాటలు ఎక్కడ వదులో కూడా తెలుస్తుంది.

1946 నుంచి 1974లో రిటైరయ్యే దాకా పిమ్ లండన్‌లోని ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసింది. 'ఆఫ్రికా' అనే పత్రికకు సహాయ సంపాదకురాలు. మానవశాస్త్రవేత్తలు ఖండాలు తిరిగొచ్చి రాసిన పరిశోధనలకు ప్రూఫులు దిద్దేది, పుస్తకాల చివర పదసూచికలు తయారుచేసేది. ఆమె ఎప్పుడూ ఆఫ్రికా చూడలేదు. ఎక్కడో ఒక తెగవాళ్ళ బంధుత్వాలు, విందులు, కానుకలు, నిషేధాల గురించి అక్షరం అక్షరం దిద్దుతూ దిద్దుతూ, సాయంత్రం ఇంటికొచ్చి అదే కళ్ళతో తన చర్చి జనాన్ని చూసిందన్న మాట. టీ ఎవరు పెడతారు, ఎవరికి మొదటి కప్పు ఇస్తారు, భార్య లేని ఫాదరీ ఇంట్లో పూలు ఎవరు సర్దుతారు. ఇవన్నీ ఆమెకు ఒక తెగ ఆచారాలే. నవ్వు పుట్టింది అక్కడినుంచి.

అసలు మాటకొస్తే, పదసూచికే ఈ నవలకు ముగింపు. ఎవరార్డ్ బోన్ ఒకసారి ఫోన్ చేసి మిల్‌డ్రెడ్‌ను భోజనానికి రమ్మంటాడు. మాంసం తెచ్చాడట, ఎలా వండాలో తెలీదట. రేషన్ రోజులవి. బ్రిటన్‌లో మాంసం మీద రేషన్ 1954 దాకా పోలేదు. మాంసం దొరకడం అంటే చిన్న విషయం కాదు. వెళితే ఆ వంట తన మెడకే చుట్టుకుంటుందని గ్రహించి మిల్‌డ్రెడ్ రానంటుంది. ఆ తర్వాత అపరాధ భావంతో కుమిలిపోతుంది. పాపం, మాంసం పెట్టుకుని ఒక్కడూ ఏం చేస్తున్నాడో! నవల చివర్లో మళ్ళీ పిలుస్తాడు, ఈసారి వెళుతుంది. అక్కడ అసలు సంగతి బయటపెడతాడు ఎవరార్డ్. తన పుస్తకానికి ప్రూఫులు దిద్దిపెట్టాలి, వీలుంటే పదసూచిక కూడా. మిల్‌డ్రెడ్ ఒప్పుకుంటుంది. అటు చర్చి పనులు, ఇటు ఎవరార్డ్ పని, ఇక తనది నిండు జీవితమే అనుకుంటుంది. నవల అయిపోతుంది.

ఇది సుఖాంతమా? మా గుంపు రెండు ముక్కలైంది ఇక్కడే. నవల పాఠకులంతా ఇక్కడే విడిపోతూ వచ్చారు. ఒక పక్షం వాళ్ళకు ఆ 'నిండు జీవితం' అన్న మాటలో చురక వినిపిస్తుంది. రెండో పక్షం వాళ్ళకు లొంగుబాటు కనిపిస్తుంది. మూడో పక్షం ఒకటుంది, వాళ్ళు అమ్మయ్య, పెళ్ళి కుదిరినట్టే అని ఊపిరి పీల్చుకుంటారు. ఈ మూడో పక్షం మీద నాకు కోపం లేదు గానీ, వాళ్ళ ఊపిరి వెనక మన బంధువులంతా నిలబడి ఉన్నట్టు అనిపిస్తుంది.

1952లో సమీక్షకులు పుస్తకాన్ని బాగానే ఆదరించారు. జేన్ ఆస్టిన్‌తో పోల్చారు. ఆడది నవ్విస్తూ రాస్తే పోల్చడానికి వాళ్ళకు ఇంకొకరు దొరకరు కాబోలు. 1961 నాటికి పిమ్ నవలలు ఆరు వచ్చాయి. 1963లో ఏడో నవల పంపితే అంతవరకూ ఆమె పుస్తకాలన్నీ వేసిన జొనాథన్ కేప్ సంస్థ తిప్పి పంపేసింది. కాలం మారింది, ఇలాంటి నవలలు అమ్ముడుపోవన్నది సారాంశం. అదే సంస్థ అప్పటికి జేమ్స్ బాండ్ నవలలు వేస్తోంది, 'క్యాచ్-22'ను ఇంగ్లండుకు తెచ్చింది. గూఢచారి తుపాకీ ముందు, యుద్ధ విమానం ముందు చర్చి హాల్లో టీ కప్పు ఏపాటి? ఆమె ఇంకో ప్రచురణకర్తను, మరో ప్రచురణకర్తను అడుగుతూ పోయింది. ఒక దశలో టామ్ క్రాంప్టన్ అని మగపేరు పెట్టి కూడా రాతప్రతి పంపింది. పద్నాలుగేళ్ళ పాటు ఒక్క కొత్త నవలా అచ్చు కాలేదు. ఆ పద్నాలుగేళ్ళలో రిటైరయ్యే దాకా ఆమె ఇన్‌స్టిట్యూట్‌లో ఇతరుల పుస్తకాలకు ప్రూఫులు దిద్దింది. 1971లో రొమ్ము కాన్సర్‌కు ఆపరేషన్ అయింది. 1974లో పక్షవాతం తగిలింది. రాయడం మాత్రం మానలేదు.

గమనించండి, ఈ పద్నాలుగేళ్ళూ స్త్రీవాదం రెండో కెరటం పైకి లేచిన ఏళ్ళే. 1963లోనే బెట్టీ ఫ్రీడన్ పుస్తకం వచ్చింది. 1970లో జర్మెయిన్ గ్రీర్, కేట్ మిల్లెట్. ఆడవాళ్ళ చాకిరీ గురించి ప్రపంచమంతా మాట్లాడడం మొదలుపెట్టిన సమయంలో, ఆ చాకిరీని చెంచాలూ కప్పులతో సహా లెక్కరాసిన నవలలు పాత పుస్తకాల కొట్లలో పడి ఉన్నాయి. అప్పటి స్త్రీవాదుల తప్పని నేను అనబోవడం లేదు. ఆ కాలానికి కోపం కావాలి. మిల్‌డ్రెడ్ దగ్గర కోపం ఉన్నా అది కోపంలా కనిపించదు. చర్చికి పోయే, తలవంచుకుని నడిచే, మధ్యతరగతి తెల్ల ఆడమనిషి. ఉద్యమానికి ఆమె ముఖచిత్రంగా పనికిరాదు.

ఇక పిమ్ మళ్ళీ వెలుగులోకి వచ్చిన కథ అందరూ చెప్పేదే. 1977 జనవరిలో టైమ్స్ లిటరరీ సప్లిమెంట్ పత్రిక, తగినంత గుర్తింపు రాని రచయితలెవరని కొందరు ప్రముఖులను అడిగితే ఇద్దరు వేర్వేరుగా ఆమె పేరు చెప్పారు. ఒకరు కవి ఫిలిప్ లార్కిన్, ఇంకొకరు విమర్శకుడు లార్డ్ డేవిడ్ సెసిల్. బతికున్న రచయితల్లో రెండుసార్లు పేరు వచ్చింది ఆమెకొక్కతెకే. అదే ఏడాది 'క్వార్టెట్ ఇన్ ఆటమ్' అచ్చయి బుకర్ తుది జాబితాలో నిలిచింది. 1978లో 'ఎక్సలెంట్ ఉమెన్' అమెరికాలో మొదటిసారి వెలువడింది, ఇరవయ్యారేళ్ళు ఆలస్యంగా. 1980 జనవరిలో పిమ్ చనిపోయింది. మూడేళ్ళ కీర్తి! ఆ మూడేళ్ళు కూడా ఇద్దరు పెద్దమనుషులు ఆమె పేరు పలికితేనే దక్కాయి. దీన్ని మిల్‌డ్రెడ్ చెబితే వినాలని ఉంటుంది నాకు.

లార్కిన్ సంగతి మాత్రం కొంచెం ఆగి చూడాలి. ఆయన 1961 నుంచీ ఆమెకు ఉత్తరాలు రాస్తున్నాడు, ఆమె పుస్తకాలు తిప్పి పంపినందుకు బాధపడ్డవాడు. ఈ నవల గురించి ఆయనకే రెండు మనసులు. మిల్‌డ్రెడ్ కొన్నిచోట్ల మరీ అణిగిపోయి ఉందేమో అని ఒకసారి పిమ్‌కు రాస్తూ, లేకపోతే తనను తాను వ్యంగ్యం చేసుకుంటోందేమో అని తనే సందేహపడ్డాడు. మరోసారి ఒక ఉత్తరంలో ఈ నవలలో కటువైన బాధ ఉందన్నాడు. అంటే పాఠకులు రెండు పక్షాలుగా చీలి చెబుతున్నది ఒకే పాఠకుడి లోపల జరిగింది. ఆయనా పెళ్ళి చేసుకోలేదు. హల్ విశ్వవిద్యాలయంలో లైబ్రేరియన్. ఎవరూ ఆయన్ను టీ పెట్టమని అడిగి ఉండరు. ఒంటరితనం ఆయనకు కవిత్వానికి ముడిసరుకైంది. మిల్‌డ్రెడ్‌కు అది ఖాళీ సమయం అయింది, నలుగురూ వాడుకోడానికి.

1980ల తర్వాత విశ్వవిద్యాలయాలు పిమ్‌ను పట్టించుకున్నాయి. పాఠకుల సంఘం ఏర్పడింది. పుస్తకాల మీద పుస్తకాలు వచ్చాయి. తగువు తీరలేదు, పదును తేలింది. నవలలోని నవ్వే ప్రతిఘటన అన్నవాళ్ళున్నారు. వెచ్చటి శాలువా కప్పుకుని చదువుకునే పాతకాలపు ఇంగ్లండు కలవరింత అన్నవాళ్ళున్నారు. 2021లో పాలా బైర్న్ రాసిన జీవితచరిత్ర వచ్చాక ఇంకో తగువు. 1930లలో పిమ్ జర్మనీకి వెళ్ళి ఒక నాజీ యువకుడితో ప్రేమలో పడిందన్న సంగతి అందులో వివరంగా ఉంది. మెత్తటి చర్చి రచయిత్రి అనుకున్న వాళ్ళకు అది మింగుడు పడలేదు. నాకూ పడలేదు. అయితే దానివల్ల మిల్‌డ్రెడ్ చేసిన పని లెక్క మారిపోదు.

మధ్యలో 1996లో హెలెన్ ఫీల్డింగ్ 'బ్రిడ్జెట్ జోన్స్ డైరీ' వచ్చినప్పుడు ఇదే తగువు పెద్ద గొంతుకతో మళ్ళీ జరిగింది. మళ్ళీ లండన్, మళ్ళీ ముప్పై దాటిన పెళ్ళికాని అమ్మాయి, మళ్ళీ తనమీద తనే వేసుకునే హాస్యం. 1995లో ఇండిపెండెంట్ పత్రికలో శీర్షికగా మొదలైన ఆ డైరీలో బ్రిడ్జెట్ రోజూ బరువు, సిగరెట్లు, తాగిన మద్యం లెక్క రాసుకుంటుంది. లక్షలాది మంది ఇది మేమే అన్నారు. 2001లో బెరిల్ బేన్‌బ్రిడ్జ్, డోరిస్ లెస్సింగ్ ఇలాంటి నవలల వరసంతా నురగ అన్నట్టు తీసిపారేశారు. 2004లో ఏంజెలా మెక్‌రాబీ, స్త్రీవాదం సాధించిన స్వేచ్ఛలను అనుభవిస్తూనే స్త్రీవాదాన్ని గతం చేసేసే సంస్కృతికి బ్రిడ్జెట్ ఉదాహరణ అని వాదించింది. ఆ వాదనలో బలముంది. కానీ నాకు రెండు నవలల మధ్య తేడా మరోచోట కనిపిస్తుంది. బ్రిడ్జెట్ లెక్కలన్నీ తన ఒంటివి. మిల్‌డ్రెడ్ లెక్కలన్నీ ఇతరుల పనులవి. తన ఒంటి గురించి మిల్‌డ్రెడ్ ఒకే ఒక్కసారి ఖర్చుపెట్టి, ఒక ముదురురంగు లిప్‌స్టిక్ కొనబోతుంది. దాని పేరు 'హవాయియన్ ఫైర్'. కౌంటరు ముందు ఆ పేరు నోటితో పలకడానికే ఆమెకు ప్రాణం చచ్చిపోతుంది. నలభై నాలుగేళ్ళలో ఏం మారిందో తెలియాలంటే ఆ సిగ్గునీ బ్రిడ్జెట్ పట్టికనూ పక్కపక్కన పెట్టి చూడాలి. అడిగేవాళ్ళు బయట ఉండేవాళ్ళు అప్పుడు. తర్వాత లోపలికి వచ్చి కూర్చున్నారు.

ఒంటరి స్త్రీ తన నోటితో తను నవ్వించడం మన సాహిత్యంలో ఎంత అరుదో ఇవి చదువుతుంటే తోచింది. మునిమాణిక్యం కాంతం గొప్ప పాత్రే, కానీ ఆ నవ్వు మనకు భర్త నోటి మీదుగా వస్తుంది. భానుమతి అత్తగారి కథల్లో చెప్పేది స్త్రీయే, కానీ కోడలిగా చెబుతుంది. ఇల్లూ సంసారమూ లేకుండా నవ్వడానికి మనకి చోటేది? మన సినిమా హాస్యంలో పెళ్ళీడు దాటిన ఆడది ముదురు బెండకాయ. ఆమె నవ్వులాటకు వస్తువే గాని నవ్వే మనిషి కాదు. అందుకేనేమో మా గుంపులో ఆ రిటైరైన లెక్చరర్‌గారు నవ్వు దగ్గరే అడ్డం తిరిగారు. జీవితమంతా తనను చూసి నవ్విన వాళ్ళ మధ్య బతికిన మనిషికి, ఈ పుస్తకం కూడా ఆ వరసలోదే అనిపిస్తే ఆశ్చర్యమేముంది? నేను ఆవిడతో వాదించాను. మిల్‌డ్రెడ్ తనను చూసి నవ్వేవాళ్ళను ముందే చూసి నవ్వేసింది అన్నాను. "నవ్వేసి ఏం చేసింది? టీ పెట్టింది" అన్నారు ఆవిడ.

దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. ఎందుకంటే నాకూ తెలుసు ఆ పని. డాక్టరేట్ చేస్తున్న రోజుల్లో ఒక పెద్ద ప్రొఫెసరు గారి పుస్తకానికి పదసూచిక నేనే తయారుచేశాను. అప్పటికి ఇలాంటి పని కంప్యూటరే చేసేస్తుందనే భ్రమ చాలామందికి ఉంది. చేయదు. ఏ మాట ముఖ్యమో, ఏ రెండు పేర్లు ఒకే మనిషివో, ఎక్కడ పేరు లేకుండానే ఆ విషయం మాట్లాడుతున్నారో మనిషి కూర్చుని చదివి పట్టుకోవాలి. రెండు వేసవి నెలలు పట్టింది. "నీకు పిల్లా పీచూ గొడవ లేదు కాబట్టి నిన్ను అడుగుతున్నానమ్మా" అన్నారు ఆయన. ఎంతో ఆప్యాయంగా అన్నారు. ముందుమాటలో 'నా విద్యార్థులకు' అని కృతజ్ఞత ఉంది. ఆ పుస్తకంలో పదసూచిక చాలా బాగుందని ఒక సమీక్షలో రాశారు కూడా. పేరు లేని పొగడ్త చదువుకోవడం ఒక వింత అనుభవం. 'ఎక్సలెంట్ ఉమెన్' నేను మొదటిసారి చదివింది ఆ తర్వాతి ఏడాదే. ఆఖరి అధ్యాయానికి వచ్చేసరికి నవ్వు ఆగలేదు, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాను. మా గుంపులో ఎవరు ఏ పక్షమన్నా, ఆ నవ్వు మాత్రం నాది.

అందుకే ఈ నవల లొంగుబాటు అన్న వాదనను పూర్తిగా ఒప్పుకోలేను. లొంగిపోయిన మనిషి ఇంత వివరంగా లెక్క రాయదు. అలా అని ఇది తిరుగుబాటు అన్న మాటా నాకు ఎక్కువగానే వినిపిస్తుంది. తిరుగుబాటు అనగానే మనకు ఒక నిట్టూర్పు దొరుకుతుంది, హమ్మయ్య మిల్‌డ్రెడ్ కూడా మన మనిషేనని. ఆమెను మన మనిషిని చేసుకోవాలన్న తొందర కూడా ఒకరకంగా ఆమెను మన అక్కరకు వాడుకోవడమే. సగం బాంబులకు కూలి సగం మిగిలిన చర్చిలో, ఆ మిగిలిన సగంలోనే ప్రార్థనలు జరుగుతుంటాయి ఈ నవలలో. పిమ్ దాన్ని ప్రతీకగా ఎత్తి చూపదు. జనం వస్తారు, ఇటుకల పక్కన కూర్చుంటారు, టైమైందని లేచి వెళతారు. నవల ధోరణి అంతా అదే. కూలింది కూలినట్టే ఉంది, పని జరగాల్సింది జరుగుతోంది.

ఆ ముగింపు గురించి తగువు పడేవాళ్ళు చాలామంది పట్టించుకోని ఒక సంగతి ఉంది. పిమ్ నవలల్లో ఒకదానిలోని మనుషులు ఇంకోదానిలో దూరంనుంచి కనిపిస్తుంటారు. ఎవరార్డ్‌తో మిల్‌డ్రెడ్ పెళ్ళి జరిగిందో లేదో మనకు ఈ నవలలో తెలియదు. తర్వాతి నవలల్లో తెలుస్తుంది, జరిగిందని. అదీ ఎవరో ఎవరితోనో మాటల మధ్య అనుకునే పక్కమాటగా. మూడో పక్షం వాళ్ళు గెలిచినట్టే మరి. కానీ ఆ నవలలు మిల్‌డ్రెడ్ చెప్పేవి కావు. 'ఎక్సలెంట్ ఉమెన్'లో మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా నేను, నేను అని మనతో మాట్లాడుతూ వచ్చిన గొంతు అక్కడ లేదు. ఆమె అక్కడ ఎవరార్డ్ బోన్ భార్య. టీ అవసరమా అని ఆ ఇంట్లో ఎప్పుడైనా అడిగిందో లేదో మనకు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.